‘పోతే’ అన్నందుకు

చందనక్క ఉద్యోగమేమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే, పొద్దున్నే వచ్చి కూర్చుని ‘పోతే?’ అనుకోవడం. కరెంటు పోతే? డిస్కు పోతే? ఎవరో తెలియక ఒక మీట నొక్కి సీజన్ మొత్తం తుడిచేస్తే? మిగతా వాళ్ళం ఉన్నదాన్ని మోయడానికో, అమ్మడానికో జీతం తీసుకుంటాం. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ మాత్రం ఉన్నది పోయే దారులన్నీ ముందుగా తను నడిచి చూసి, వాటిని ఒక్కొక్కటిగా మూసి రావడానికి జీతం తీసుకుంటుంది.

అలాంటి మనిషికి ఉద్యోగం దొరికింది నరసరావుపేటలో, శేషగిరిరావు గారి కోల్డ్ స్టోరేజీలో. ఆయన దగ్గర ‘పోతే’ అనే మాట అనకూడదు.

ఇది ఆయనొక్కడి చాదస్తమని నవ్వేసి ఊరుకోవడానికి లేదు. మన ఇళ్ళన్నిట్లో ఉన్నదే. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. గడప దాటుతూ పోతున్నానంటే ‘వెళ్ళొస్తాననరా’ అని అమ్మ కసురుతుంది. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, మన నోట ఏ మాట జారితే దానికి తథాస్తు అనేస్తారు. మంచి మాట దగ్గర వాళ్ళు ఆగినట్టు మాత్రం నా ఎరుకలో ఒక్క దాఖలా లేదు.

చందనక్కది ముప్పాళ్ళ. నాన్న మిరప, పత్తి వేసేవాడు. పేటలో ఎంసీఏ చదివింది. తోటి చదివిన వాళ్ళు హైదరాబాదు బస్సెక్కారు. అక్కకు ఆ ఏడే పెళ్ళయింది. భర్త గోపీనాథ్ పేటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు, వాళ్ళమ్మకు పక్షవాతం. ఇల్లు వదిలి కదిలే వీలు లేదు. అందుకని కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరింది. నేను గేటు దగ్గర ఎంట్రీ కొట్టే పనికి చేరేటప్పటికే తను అక్కడ పాతకాపు.

మా స్టోరేజీ నకరికల్లు రోడ్డులో ఉంది. ఫిబ్రవరి నుంచి మిర్చి బస్తాలు దిగుతాయి. ఏ రైతువి, ఏ రకం, ఏ ఛాంబర్లో ఏ అంతస్తులో ఏ వరసలో పెట్టారన్నది గేటు దగ్గరే కంప్యూటర్లో ఎక్కిస్తాం. రైతు చేతికి ఒక చీటీ ఇస్తాం. అందులో పేరు, బస్తాలు, తేదీ ఉంటాయి. ఎక్కడ పెట్టామన్నది చీటీలో ఉండదు, ఎందుకంటే ముఠా కూలీలు చోటు చాలక మధ్యలో జరుపుతూ ఉంటారు. ఆ జరపడాలన్నీ కంప్యూటర్‌కే తెలుసు. శేషగిరిరావు గారి జిన్నింగు మిల్లు, పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ లెక్కలు కూడా అందులోనే. మొత్తం కుటుంబం బతుకు ఆఫీసు వెనక చిన్న గదిలో ఉన్న ఒక మిషన్లో ఉండేది. మిర్చి దుమ్ము ఆ గదిని కూడా వదల్లేదు. మిషన్ ఫ్యాను రెక్కలు ఎర్రగా ఉండేవి. అక్క వారానికోసారి ముక్కుకు చున్నీ కట్టుకుని, తుమ్ముతూ, బ్రష్షుతో తుడిచేది.

ఆ సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన విజయవాడ కంపెనీ మూతబడింది. మొరాయిస్తే అడగడానికి ఎవరూ లేరు. అప్పుడు అక్క దాని లోపలికి దిగింది. భోజనం టైములో ఫోన్లో పాఠాలు వినేది, సాయంత్రం వాటిని మిషన్ మీద చేసి చూసేది. నెమ్మదిగా పట్టు దొరికింది. జాబితా తియ్యాలంటే టీ తాగి వచ్చేంత సేపు పట్టేది, దాన్ని రెప్ప వేసేలోగా వచ్చేలా చేసింది. ఎవరికి ఏది కనపడాలో, ఎవరు ఏది మార్చొచ్చో కట్టుబాట్లు పెట్టింది. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఒకసారి బ్యాంకు వాళ్ళు తనిఖీకి వచ్చి, మీ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఎవరని అడిగారు. శేషగిరిరావు గారు తడుముకోకుండా అక్కను చూపించారు. మర్నాటికి విజిటింగ్ కార్డులు అచ్చయి వచ్చాయి. అదే తన ప్రమోషను. కుర్చీ అదే, దుమ్ము అదే.

పట్నాల్లో ఈ పనికి మెట్లుంటాయట. మొదట కాపీలు తీయడం నేర్పుతారు. తర్వాత పోయినదాన్ని తిరిగి లేపడం. ఆ పైన అసలు పోకుండా కట్టడం. అక్కతో చదివిన అమ్మాయి ఒకామె ఆ మెట్లన్నీ ఎక్కి ఇప్పుడు ఒక టీముకు పెద్ద. మా దగ్గర ఒకటే మెట్టు. దాని మీదే నిలబడాలి, పక్కనున్న వాళ్ళు ఎంత ఎత్తులో ఉన్నావో అని మెచ్చుకుంటే నవ్వాలి.

అక్క నోటికి, ఆ ఇంటి నమ్మకానికి మొదటి నుంచీ పొత్తు కుదరలేదు. ఒకసారి “సార్, డిస్కు నిండిపోయింది” అంటే శేషగిరిరావు గారు “నిండితే మంచిదేగా అమ్మా” అని కళ్ళజోడు తీసి సంతోషపడ్డారు. ఇంకోసారి “మిషన్ పోతే మన దగ్గర రెండోది లేదు సార్” అంది. ఆయన చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

“పొద్దున్నే ఏందమ్మా ఆ మాటలు? మంచిగా చెప్పరాదా?”

ఆయన చెడ్డవాడు కాదు. నెల తిరిగేసరికి జీతం ఇస్తాడు, అమ్మా అనే పిలుస్తాడు. చెడ్డవాడయితే తగువు పెట్టుకోవచ్చు.

అక్క మంచిగా చెప్పడం నేర్చుకుంది. రోజూ సాయంత్రం మొత్తం డేటాను అరచేతిలో పట్టే ఒక డిస్కులోకి కాపీ తీసేది. ఆ డిస్కు కూడా ఆఫీసులోనే ఉంటే, నిప్పంటుకున్న రోజు రెండూ కలిసే పోతాయి. ఆ మాట చెప్పడానికి లేదు. ఇంటర్నెట్టులో దాచుకోవచ్చంటే “మన లెక్కలు ఎవరి మిషన్లోనో ఎందుకమ్మా” అన్నారాయన. చివరికి ఒక శుక్రవారం అక్క ఇలా అంది: “సార్, ఈ డిస్కులో మన లక్ష్మి అంతా ఉంది. ఇది రాత్రిళ్ళు మీ పూజగదిలో ఉంటే బాగుంటుందేమో.”

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి డ్రైవర్ షాకిర్ భాయ్ సాయంత్రం డిస్కును గుడ్డసంచిలో పెట్టుకుని సార్ ఇంటికి తీసుకెళ్ళేవాడు. సార్ భార్య రాజ్యలక్ష్మి గారు గుమ్మం దగ్గర అందుకుని, దేవుడి పక్కన పీట మీద పెట్టి, బొట్టు పెట్టేవారు. పొద్దున మళ్ళీ కుంకుమతో తిరిగొచ్చేది. సంచి అందిస్తూ రోజూ అక్క ఒకటే మాట అనేది: “పడేయమాక భాయ్, పడితే పోద్ది.”

“నా చేతిలో స్టీరింగే పడలా ఇంతవరకూ, ఇదెట్టా పడుద్దమ్మా,” అనేవాడు షాకిర్ భాయ్. రోజూ అదే మాట, అదే జవాబు. ఆ కోల్డ్ స్టోరేజీలో ‘పోద్ది’ అంటే నవ్వే మనిషి ఆయనొక్కడే.

పోయినేడు దసరా తర్వాత తోటి చదివిన ఆ అమ్మాయి ఒక కబురు చెప్పింది. హైదరాబాదులో ఒక కంపెనీ డీబీఏ కోసం, అంటే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ కోసం చూస్తోంది, ఇంటి నుంచే పని. పేట వదలక్కర్లేదు, అత్తగారిని వదలక్కర్లేదు, మిర్చి దుమ్ము మాత్రం వదలొచ్చు. అక్క ఇంటర్వ్యూ ఇచ్చింది, కాటా పక్కన నిలిపిన సార్ కార్లో కూర్చుని, అద్దాలెక్కించుకుని. షాకిర్ భాయ్ బయట నిలబడి లారీ వాళ్ళను హారన్ కొట్టొద్దని చెయ్యూపుతున్నాడు.

అడిగినావిడ పేరు సాయిసాత్విక. అక్క కంటే చిన్నదట, మాట మెత్తన. అన్నిటికీ జవాబులొచ్చాయి. చివర్లో ఆవిడ అడిగింది: “మీరు చివరిసారి రీస్టోర్ ఎప్పుడు చేసి చూశారు?”

రీస్టోర్ అంటే దాచిన కాపీని వేరే మిషన్ మీదకి ఎక్కించి, అది నిజంగా లేస్తుందో లేదో చూడటం. కాపీ తీయడం అందరూ తీస్తారు. లేచిన కాపీయే కాపీ, మిగిలింది నమ్మకం.

“ఎప్పుడూ చేయలేదండీ. చేయనివ్వలేదు,” అంది అక్క. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

“మీరు మాకు నచ్చారు. ఒక్కసారి రీస్టోర్ చేసి, ఎలా చేశారో, ఎంతసేపు పట్టిందో రాసి పంపండి. సంక్రాంతి అయ్యాక రెండో ఇంటర్వ్యూ పెట్టుకుందాం.”

అంతే. అక్కకూ ఆ ఉద్యోగానికీ మధ్య ఉన్నది ఒక్క రీస్టోర్. దానికి కావలసింది ఖాళీ మిషన్ ఒకటి, పూజగదిలోని డిస్కు, యజమాని నోట ‘సరే’ అనే ఒక్క మాట.

అక్క శేషగిరిరావు గారింటికి వెళ్ళింది. ఆ సాయంత్రం డిస్కు అందించే వంకతో నేనూ వెంట వెళ్ళాను. రాజ్యలక్ష్మి గారు కూర్చోమని మజ్జిగ ఇచ్చారు.

“సార్, జిన్నింగు మిల్లులో ఖాళీగా ఉన్న మిషన్ ఒక్క పూట ఇప్పిస్తే, మన కాపీ సరిగ్గా ఉందో లేదో చూస్తాను.”

“రోజూ తీస్తున్నావు గదమ్మా. పూర్తయింది అని పచ్చగా వస్తది గదా.”

“కాపీ తీసినట్టు వస్తది సార్. తెరుచుకుంటదో లేదో చూడాలి. రేపు డేటా పో...” ఆగింది. “డేటా కొండెక్కితే...”

శేషగిరిరావు గారు పకపకా నవ్వారు. రాజ్యలక్ష్మి గారు నవ్వలేదు.

“ఏమే పిల్లా, ఇంట్లో పచ్చగా అందరం కూర్చునుంటే, రేపు వీళ్ళు పోతే ఎట్టా మోస్తామా అని పాడె కట్టి చూసుకుంటారా ఎవరన్నా?”

“అది వేరు అమ్మగారూ.”

“ఏం వేరు? అనమాక తల్లీ. సందె వేళ, దేవుడి గది ముందు.”

అక్క మజ్జిగ గ్లాసు వంక చూస్తూ కూర్చుంది. శేషగిరిరావు గారికి జాలేసింది. “సర్లే అమ్మా, చేద్దాం. మంచి రోజు చూసి చేద్దాం,” అన్నారు. నిజంగానే చూపించారు కూడా. పురోహితుడు మర్నాడు ఆఫీసుకొచ్చి పంచాంగం తెరిచాడు.

“ఏం కార్యమండీ?”

“పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం,” అన్నారు సార్, అక్క అంతకుముందు చెప్పిన మాటను కష్టపడి గుర్తు చేసుకుని.

“ఏం పోయింది?”

“ఇంకా ఏం పోలేదు.”

పురోహితుడు పంచాంగం మూశాడు. “పోకముందే తెచ్చుకోవడానికి ముహూర్తం ఉండదండీ. గృహప్రవేశానికుంటది, బావికుంటది. దీనికెక్కడా రాయలా.”

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో తప్పు.

సంక్రాంతి తర్వాత, సీజన్ అయ్యాక, అమ్మగారు తిరుపతి నుంచి వచ్చాక. ఇలా వాయిదాలు పడ్డాయి. సాయిసాత్విక కూడా మంచిదే, ఆగుతాను, మే నెల వరకూ టైముందంది.

నేను ఒకరోజు చెప్పాను. “అక్కా, ఎవరికి తెలుస్తది? పగలంతా డిస్కు నీ దగ్గరే ఉంటది. మీ ఇంట్లో లాప్‌టాప్ ఉంది. ఎక్కించి చూసెయ్.”

“ఆయన్ని అడక్కుండా ఆయన డేటా నా మిషన్లోకి ఎక్కిస్తే నేను డీబీఏని కాదురా. దొంగని.”

“ఎవరు చూడొచ్చారు?”

“ఎవరు ఏం చూశారో చూడటమేరా నా ఉద్యోగం.”

నాకు ఒళ్ళు మండింది. నీతి కూడా ఒక్కోసారి ఉన్నవాడి ఇంటికే కాపలా కాస్తుంది.

ఏప్రిల్లో ఛాంబర్లు పూర్తిగా నిండాయి. ఎండ మండిపోతోంది, కరెంటు వస్తూ పోతూ ఉంది. ఒక పొద్దున పోయిన కరెంటు తిరిగొచ్చి, కంప్రెసర్లన్నీ ఒక్కసారి ఊపందుకున్నాయి. లైట్లు ఎర్రబడి, మళ్ళీ వెలిగాయి. వెనక గదిలోంచి కమురు వాసన వచ్చింది. అక్క కుర్చీ వెనక్కి తన్నేసి పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి మిషన్ ముందు మోకాళ్ళ మీద కూర్చునుంది. మీట నొక్కుతోంది. నొక్కుతోంది. ఆ ఎర్ర దుమ్ము పట్టిన ఫ్యాను కదల్లేదు.

మిల్లులోని మిషన్ ఆ పూట ఎవరూ పంచాంగం చూడకుండానే వచ్చేసింది. అడిగినంత కాలం దొరకనిది. కుంకుమ బొట్టుతో డిస్కు అక్కడే ఉంది. అక్క ఎక్కించడం మొదలుపెట్టింది. కొంత దూరం పోయి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. అక్కడే ఆగింది. ముందు రోజు కాపీ, దాని ముందు రోజుది, దాని ముందుది. పేర్లున్నాయి, ఫైళ్ళు బరువుగానే ఉన్నాయి. లోపల చెదలు తిన్న తలుపులా ఉన్నాయి. డిస్కు ఎప్పటి నుంచో లోలోపల పాడవుతోంది. పైకి మాత్రం ప్రతి సాయంత్రం ‘పూర్తయింది’ అని పచ్చగా రాసేది. చివరికి తెరుచుకున్న కాపీ దసరా నాటిది. అంటే ఈ సీజన్లో దిగిన ఒక్క బస్తా కూడా అందులో లేదు.

బయట నకరికల్లు రైతు యల్లమంద లారీతో నిలబడి ఉన్నాడు. సరుకు అమ్మేశాడు, గుంటూరు చేర్చాలి.

“నా కాయ ఏ ఛాంబర్లో ఉందమ్మాయ్?”

“బాబాయ్, కొంచెం ఆగు.”

“ఆగితే ఎండకు డ్రైవర్ పడిపోయేట్టున్నాడు. కంప్యూటర్లో ఉందన్నారు గదా. దాన్నే అడుగు.”

దానికే తెలియదని చెప్పాల్సి వచ్చింది. ముఠా కూలీలు గొంగళ్ళు కప్పుకుని, లైట్లు పట్టుకుని చలిగదుల్లోకి వెళ్ళారు. బస్తాల మీద రంగుతో రాసిన పేర్లు చదువుకుంటూ తిరిగారు. కోటప్పకొండ చుట్టుపక్కల ఏ బస్తా మీద ఏ పేరుంటుంది? కోటి. కోటయ్య. కోటేశ్వరరావు. కోటమ్మ. మళ్ళీ కోటి. యల్లమంద పేరు వెతుకుతూ ఆ పొద్దంతా కోట్లే లెక్కపెట్టారు. సాయంత్రానికి రోడ్డు మీద లారీలు బారులు తీరాయి.

శేషగిరిరావు గారు అరవలేదు. అరిచుంటే బాగుండేది. అక్క బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని మెల్లగా అన్నారు: “ఆర్నెల్లుగా అంటానే ఉన్నావు గదమ్మా. అయింది.”

“నేను అన్నందుకు కాదు సార్. చూడనందుకు.”

ఆయన తల అడ్డంగా ఆడించారు. విన్నారు, కానీ అందలేదు.

మర్నాడు రాజ్యలక్ష్మి గారు ఆఫీసుకొచ్చి నిమ్మకాయలు తిప్పించి, గుమ్మానికి కట్టించారు. తర్వాత అక్క భుజం మీద చెయ్యి వేశారు.

“నేను నిన్ను తిట్టట్లా తల్లీ. నాకూ ఆడపిల్లలున్నారు. కానీ నీ నోట చానాసార్లు వచ్చింది ఆ మాట.”

“పోకూడదనే గదా అమ్మగారూ అన్నది.”

“అదే నేనంటంది. అనకపోతే పోయేది కాదు.”

పోక ముందు అంటే అపశకునం, పోయాక అంటే ఎత్తిపొడుపు. ఎప్పుడనాలో ఎవరూ చెప్పరు. అక్క నోరు మంచిది కాదన్న మాట ఊరంతా పాకిపోయింది. ముఠా మేస్త్రీ అక్క ఎదురొస్తే పక్కకు తిరిగి నడిచేవాడు. ఒక రైతు నవ్వుతూ “అమ్మాయ్, మా చేను వంక చూసి ఏం అనమాక” అన్నాడు. అది నవ్వులాటే. నవ్వులాటగా మొదలైన పేర్లే మనిషితో పాటు శ్మశానం దాకా వస్తాయి.

ఇంట్లో గోపీనాథ్ బావ కూడా అన్నాడట, “నువ్వు అంతలా అనకుండా ఉండాల్సింది,” అని. ఆయన తొమ్మిది, పది తరగతులకు సంభావ్యత పాఠం చెప్తాడు. నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా అన్నది చెప్పే నోటి మీద ఆధారపడదని నల్లబల్ల మీద సుద్దతో రాస్తాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే ఆ సుద్ద కూడా పోతుంది.

అక్క వారాల తరబడి రైతుల చీటీలు ముందేసుకుని, చలిగదుల్లో తిరుగుతూ, వరస వరసా మళ్ళీ ఎక్కించింది. ముక్కు కారుతూ, వేళ్ళు కొంకర్లు పోతూ. నేను, ఇంకొందరం సాయం చేశాం. యల్లమంద సరుకు మూడో ఛాంబర్లో ఇంకో యల్లమంద సరుకు వెనక దొరికింది. చాలావరకు అన్నీ దొరికాయి. ఆ సంగతి మాత్రం ఎవరూ పాకించలేదు.

మే నెలలో సాయిసాత్విక మళ్ళీ పిలిచింది. జరిగిందంతా అక్క చెప్పింది. ఆవిడ ఓపిగ్గా విని, ఇంత పెద్ద నష్టం నుంచి మళ్ళీ కట్టుకొచ్చిన వాళ్ళు అరుదు, మా పెద్దవాళ్ళతో చెప్తానంది. ఒక్కటే మిగిలింది, ఇప్పటి యజమానితో వాళ్ళ కంపెనీ వాళ్ళు ఒకసారి మాట్లాడాలి. అక్క ముఖంలో చానాళ్ళకు రక్తం కనపడింది.

ఆ ఫోను వచ్చినప్పుడు శేషగిరిరావు గారు మా హాల్లోనే ఉన్నారు. ఆయనకు చెవి మందం, ఫోను స్పీకర్లోనే పెడతారు. అక్క గదిలో ఉంది, తలుపు తెరిచే ఉంది. అంతా వినపడింది.

“బంగారం లాంటి పిల్లండీ. నిజాయితీ. మా ఇంటి పిల్లే అనుకోండి,” అన్నారాయన. అందులో ఒక్క అక్షరం కపటం లేదు.

“ఏప్రిల్లో డేటా పోయింది కదా సార్. అందులో ఆమె పొరపాటేమైనా ఉందా?”

“అబ్బే, పొరపాటేం లేదండీ. కాకపోతే...” గొంతు తగ్గించారు, అయినా వినపడుతూనే ఉంది. “ఆరు నెలల ముందు నుంచే అమ్మాయి పోద్ది పోద్ది అంటానే ఉందండీ. చివరికి పోయింది.”

“అంటే ఆమెకు ముందే తెలుసా సార్?”

“ముందే తెలుసండీ. అంత తెలివైన పిల్ల.”

ఆయన ఉద్యోగం ఇప్పిస్తున్నాననుకున్నారు. ఫోను పెట్టేసి అక్క గది వైపు తిరిగి, చానా గొప్పగా చెప్పానన్నట్టు తలూపారు కూడా.

వారానికి మెయిల్లో జవాబొచ్చింది. ముప్పు ఉందని ముందే తెలిసి కూడా నెలల తరబడి సరిదిద్దని వారిని ఈ బాధ్యతలోకి తీసుకోలేమని. సాయిసాత్విక విడిగా ఫోన్ చేసి, నేను చెప్పి చూశానండీ, వినలేదు, అని బాధపడింది. పేటలో అక్క తప్పు, పోతుందని అనడం. హైదరాబాదులో అక్క తప్పు, పోతుందని తెలిసీ ఊరుకోవడం. రెండు చోట్లా ఒకే మాట పట్టుకుని ఒకే మనిషికి శిక్ష వేశారు. ఊరుకోలేదు, అడిగింది, అడిగి అడిగి నోరు చెడ్డదనిపించుకుంది అని చెప్పడానికి ఆ జవాబు కింద చోటు లేదు. జవాబు ఇవ్వొద్దని రాసుంది.

జూన్లో కొత్త మిషన్ వచ్చింది. పాతదాని కంటే పెద్దది, మెరుస్తోంది. శుక్రవారం పొద్దున గదికి తోరణం కట్టారు. పసుపు, కుంకుమ, గుమ్మడికాయ. పురోహితుడికి ఈసారి కార్యం పేరు తెలుసు. రాజ్యలక్ష్మి గారు అక్క దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా, “నువ్వు కాసేపు కాటా దగ్గర ఉండమ్మా, దీపం వెలిగించాక పిలుస్తాం,” అన్నారు. అక్క వెళ్ళి కాటా దగ్గర నిలబడింది. ఆ మిషన్‌ను మూడు రోజులు కూర్చుని సిద్ధం చేసిందే తను. మీట శేషగిరిరావు గారు నొక్కారు. ఈసారి కనీసం ఒక్కసారి రీస్టోర్ చేసి చూశాకే మొదలెడదామని అక్క వారం ముందు అడగబోయింది. “సార్, ఒకవేళ...” అనగానే ఆయన రెండు చేతులూ జోడించారు. తండ్రి వయసు మనిషి దణ్ణం పెడితే ఇంకేం మాట్లాడుతుంది?

హారతి అయ్యాక అక్కను లోపలికి పిలిచారు. అందరూ ఉన్నారు. ముఠా మేస్త్రీ, గుమస్తాలు, షాకిర్ భాయ్, అమ్మగారు. శేషగిరిరావు గారు ప్రసాదం చేతిలో పెడుతూ, అందరికీ వినపడేలా అడిగారు.

“ఇక మనకేం కాదు గదమ్మా?”

ఏ డీబీఏ కూడా ఎప్పుడూ ‘ఏం కాదు’ అనకూడదని తనే నాకు చెప్పింది. కావచ్చు, అయితే ఇది చేస్తాం, అది కూడా అయితే ఇది చేస్తాం, అని చెప్పాలట. రాజ్యలక్ష్మి గారు అక్క పెదాల వంకే చూస్తున్నారు.

“ఏం కాదండీ,” అంది అక్క.

“తథాస్తు,” అన్నాడు పురోహితుడు. అందరూ ఊపిరి వదిలారు. శేషగిరిరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. మర్నాటికి విజిటింగ్ కార్డులు కొత్తవి వచ్చాయి. వాటి మీద ‘సీనియర్’ అని ఉంది.

ఆ సాయంత్రం కొత్త డిస్కులోకి కాపీ తీసింది అక్క. పూర్తయింది అని పచ్చగా వచ్చింది. ఆ పచ్చ అక్షరాల వంక కాసేపు చూసి, డిస్కు తీసి గుడ్డసంచిలో పెట్టి షాకిర్ భాయ్‌కి అందించింది. ఆయన తీసుకుని కదల్లేదు. అలవాటైన మాట కోసం నిలబడ్డాడు.

“ఏం చెప్పవా అమ్మా?”

“ఏముంది భాయ్, మీరు జాగ్రత్తగానే తీసుకెళ్తారు గదా,” అంది అక్క. “వెళ్ళిరండి.”